లాభం, రెండు, మూడు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో కట్టయ్య మిర్చి బస్తా ముందు నిలబడితే ఇక కాంటాతో పనిలేదనేవారు. బస్తాను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, మూతి కుట్టు దగ్గర రెండు వేళ్లతో పట్టి ఊపి, "ముప్పై తొమ్మిదిన్నర" అనేవాడు. తర్వాత కాంటా ఎక్కిస్తే ముప్పై తొమ్మిదిన్నరే ఉండేది. తేడా వస్తే పావు కిలో, మహా అయితే అర కిలో. అంతకు మించి తేడా పడిన రోజు ఆయన ముప్పై ఎనిమిదేళ్ల పనిలో ఒక్కటీ లేదు.

రైతు తెచ్చిన సరుకును తూచి, ఇంత ఉందని అందరూ వినేలా పలికే మనిషిని మార్కెట్‌లో దడువాయి అంటారు. అమ్మేవాడూ నమ్మాలి, కొనేవాడూ నమ్మాలి. ఇద్దరి నడుమ ఆ ఒక్క మాట నిలబడాలి. కట్టయ్యకు ఆ లైసెన్సు ఇరవై ఆరో ఏట చేతికొచ్చింది. చదువు కేసముద్రం పక్క పల్లెలో ఐదో తరగతి. ఐదో తరగతే కదా అని తీసిపారేయడానికి లేదు. ఆ బడి పంతులు కాలు ఎక్కం, అర ఎక్కం, ముప్పాతిక ఎక్కం అప్పజెప్పించుకుని గాని పిల్లలను ఇంటికి వదిలేవాడు కాదు. డిగ్రీలు చదివిన గుమస్తాలు జేబులో పెన్ను వెతుక్కునేలోపు కట్టయ్య నోటితోనే కూడిక ముగించేవాడు.

పాత దడువాయిల లెక్క ఒకటితో మొదలుకాదు. మొదటి బస్తా కాంటా దిగగానే "లాభం" అని పలకాలి. ఆ తర్వాతే రెండు, మూడు, నాలుగు. ఏడాది పొడుగునా మట్టిలో పొర్లాడి వచ్చిన రైతు చెవిలో మొట్టమొదట పడే మాట మంచిదై ఉండాలని పెద్దలు పెట్టిన పద్ధతి అది. అలా పలికి పలికి కట్టయ్య నోటికి ఒకటి అనే మాటే అలవాటు తప్పింది. ఇంట్లో రొట్టెలు లెక్కపెట్టినా, మనవరాలు స్నేహలత చిన్నప్పుడు చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించినా "లాభం, రెండు, మూడు" అనే అనేవాడు.

చెప్పుకోవాలంటే చాలా ఉంది. ఒక్క రోజులో ఆరువందల పన్నెండు బస్తాలు తూచిన మనిషి. కాంటా పళ్లెం కింద అయస్కాంతం అతికించిన పరాయి ఊరి బేరగాడి మనిషిని మెడ పట్టుకుని అందరి ముందు నిలబెట్టిన మనిషి. కరెంటు పోయి ఎలక్ట్రానిక్ కాంటాలన్నీ కళ్లు మూసిన ఒక మబ్బుల మధ్యాహ్నం, గోదాములో తుప్పు పట్టిన పాత కాంటా తీయించి, వాన పడకముందే డెబ్బై మంది రైతులను ఇళ్లకు పంపిన మనిషి. దడువాయిల సంఘం కప్పిన శాలువా ఇప్పటికీ వాళ్లింటి ముందుగదిలో అద్దాల ఫ్రేములో ఉంది. అరవై నాలుగో ఏట లైసెన్సు కొడుకు మహిపాల్‌కు అప్పజెప్పాక కూడా కట్టయ్య పొద్దున్నే మార్కెట్‌కు నడిచి వెళ్లడం మానలేదు. ఇల్లు వెనక గేటుకు అర కిలోమీటరు. చాయ్ బండి దగ్గర కూర్చునేవాడు. హమాలీలు పిలిచి బస్తా చూపించి "ఎంత కాకా?" అనేవారు. ఆయన చెప్పేవాడు. అది సరిపోయేది. అలా ఏడేళ్లు గడిచాయి.

పోయిన ఫిబ్రవరిలో, మిర్చి దండిగా వచ్చే రోజుల్లో, మధు అనే హమాలీ ఎప్పటిలాగే అడిగాడు. మధుకూ నలభై దాటాయి. కట్టయ్య దగ్గర పని నేర్చినవాడు.

"కాకా, జర గీ బస్తా సంగతి చెప్పు."

కట్టయ్య చూశాడు. పట్టి ఊపాడు. "నలభై రెండు."

కాంటా మీద ఎర్ర అంకెలు ముప్పై ఐదు ఎనిమిది వందల దగ్గర ఆగిపోయాయి. వెనక నుంచి ఎవరో, "కాకా కాంటకు రిపేర్ ఉన్నదిరో" అన్నారు. అందరూ నవ్వారు. కట్టయ్య కూడా నవ్వాడు. కాంటా దగ్గర నిలబడ్డ మహిపాల్ మాత్రం తల ఎత్తకుండా కాయితం మీద రాసుకుంటూ ఉండిపోయాడు.

ఆ రోజు కట్టయ్య ఇంటికొచ్చి చెప్పులు విడిచి మంచమెక్కాడు. మరో నాలుగు రోజులు మార్కెట్‌కు వెళ్లాడు గాని బస్తాల వైపు పోలేదు. ఐదో రోజు నుంచి వెళ్లడమే మానేశాడు.

భార్య మొగిలమ్మ మొదట్లో సంతోషించింది. "నలభై ఏండ్లకు మొగడు ఇంట్ల దొరికిండు" అని పక్కింటి వాళ్లకు చెప్పుకుంది. వారం తిరిగేసరికి ఆ సంతోషం పోయింది. మనిషి ఇంట్లో ఉన్నాడు గాని దొరకలేదు. కోడికూత ముందే మేలుకుని గోడ చూస్తూ కూర్చుంటాడు. పగలంతా పడుకుంటాడు, నిద్రపోడు. స్నానానికి నీళ్లు తోడి పెడితే అవి చల్లారిపోతాయి. పళ్లెంలో అన్నం కలుపుతాడు, కలుపుతూనే ఉంటాడు.

"కూర మంచిగ లేదా?"

"ఉన్నది."

"మరి తినవేంది?"

"తింటాన గదా."

నిజానికి ఏది తిన్నా నోట్లో తడిసిన గోనెగుడ్డ పెట్టుకున్నట్టే ఉండేది. కూరలో ఉప్పు పడిందో లేదో కూడా నాలుకకు తెలిసేది కాదు. ఆ మాట చెప్పడానికి కూడా బలం కావాలి. ఆ బలం ఎక్కడికి పోయిందో కట్టయ్యకు అంతుపట్టలేదు. ఒంట్లో జ్వరం లేదు, నొప్పి లేదు. అయినా మంచం మీద నుంచి కాళ్లు కింద పెట్టాలంటే నిండు బస్తాను ఒక్కడే ఎత్తాల్సినట్టు ఉండేది.

మరుపు కూడా మొదలైంది. నల్లా తిప్పి వదిలేసేవాడు. మనవరాలిని చచ్చిపోయిన తన చెల్లెలి పేరుతో పిలిచాడు. కోడలు శోభారాణి కుట్టుమిషను దగ్గర కూర్చుని పొద్దున్నే చెప్పిన సంగతిని సాయంత్రం మళ్లీ కొత్తగా విన్నాడు. మే నెలలో ఒకరోజు మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా బయటికి వెళ్లి చీకటి పడేదాకా రాలేదు. మహిపాల్ బండి వేసుకుని ఊరంతా తిరిగితే వరంగల్ రైల్వే స్టేషన్ బయట సిమెంటు బెంచీ మీద కనిపించాడు.

"ఈడికెందుకొచ్చినవ్ నాయినా?"

"తెల్వది."

మహిపాల్ తండ్రిని బండి ఎక్కించుకుని ఇంటికి తెచ్చాడు. నాలుగు రోజుల్లో హన్మకొండలో మతిమరుపు జబ్బులు చూసే ఒక చిన్న దవాఖానకు తండ్రిని తీసుకుపోయాడు.

అక్కడ డాక్టర్ కంటే ముందు పరీక్ష ఉంటుంది. లావణ్య అనే అమ్మాయి కట్టయ్యను ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, కొడుకునూ కోడలినీ బయటే ఉండమంది. గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గిర్రున తిరిగే ఫ్యాను. ఆ పిల్ల నెమ్మదిగా, ముద్దుగానే అడిగింది.

"తాతా, ఇది ఏ సంవత్సరం?"

కట్టయ్యకు తెలుసు. అయితే దాన్ని నోటిదాకా మోసుకురావాలి. ఈ పిల్ల అడగబోయే ప్రశ్నలన్నీ బల్ల మీద దొంతరగా కనబడుతున్నాయి. దేనికిదంతా అనిపించింది.

"తెల్వది బిడ్డా."

"ఏ నెల?"

"ఎండకాలం."

"ఇప్పుడు నేను మూడు మాటలు చెప్తా, యాది పెట్టుకో. కుర్చీ, నిమ్మకాయ, గొడుగు. కొంచెం సేపయినంక మళ్లీ అడుగుతా. సరేనా? ఇప్పుడు ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టు తాతా."

ఇది మాత్రం ఎవరూ నేర్పించాల్సిన పని కాదు. మూడు నెలల్లో మొదటిసారి కట్టయ్య వీపు కొంచెం నిటారైంది.

"లాభం. రెండు. మూడు. నాలుగు..."

"ఆగు తాతా. మళ్లీ మొదటి నుంచి. ఒకటి నుంచి."

గట్టిగా వినబడలేదేమో అనుకున్నాడు. యార్డులో ఈ చివర పలికితే ఆ చివర వినిపించిన గొంతు అది. కొంచెం పైకెత్తాడు. "లాభం. రెండు. మూడు..."

ఆ పిల్ల ఆపలేదు గాని తల వంచి కాయితం మీద ఏదో రాసింది. రాసే చేతిని కట్టయ్య చూశాడు. జీవితమంతా అంకెలు రాసినవాడికి ఎదుటివాడి పెన్ను ఎటు కదిలితే ఏమిటో తెలుస్తుంది. తప్పు పడింది. ఎక్కడ పడిందో మాత్రం తెలియలేదు. పదకొండు దగ్గర నోరు ఆగిపోయింది. చాల్లే అనుకున్నాడు. నిమ్మకాయ ఒక్కటే గుర్తుంది. గడియారం గీయమంటే గుండ్రంగా గీత గీసి పెన్ను కింద పెట్టాడు.

ముప్పై మార్కులకు తొమ్మిది వచ్చాయి.

ఆ రోజు దవాఖానలో జనం కిటకిటలాడుతున్నారు. డాక్టర్ అరుణ కాయితం చూసి, మహిపాల్‌ను కూర్చోమని, "మతిమరుపు బాగా ముదిరినట్టుంది. ఒంటరిగా బయటికి పంపకండి. తలకు స్కానింగ్ చేయించుకుని పదిహేను రోజులకు రండి. వచ్చేటప్పుడు రోజంతా ఆయనతో ఉండే మనిషిని తీసుకురండి" అని చెప్పింది. కట్టయ్య పక్క కుర్చీలోనే ఉన్నాడు. ఆ మాటలు ఆయన మీదుగా దాటిపోయాయి.

తిరిగి వస్తూ దారిలో మహిపాల్ ఒక ఇత్తడి తాళం కొన్నాడు.

గేటుకు తాళం పడుతుంటే మొగిలమ్మ గడపలో నిలబడి చూసింది. "మీ నాయిన మనిషా, గొడ్డా? కొట్టంల కట్టేసినట్టు ఏం పనిరా ఇది?"

"అవ్వా, నాకు మాత్రం సరదానా? స్టేషన్‌ల దొరికిండు గాబట్టి సరిపోయింది. లారీ కింద దొరికితే అప్పుడేమంటవ్?"

"నలభై ఏండ్లు ఆ లారీల నడుమనే తిరిగిండురా ఆయన."

"అప్పటి నాయిన వేరే అవ్వా." అన్న తర్వాత ఆ మాట తనకే నచ్చక మహిపాల్ లోపలికి వెళ్లిపోయాడు.

శోభారాణి ఒక మూల నుంచి మెల్లగా అంది. "మామకు మతి మంచిగయితే మనమే తీస్తం గదా అత్తమ్మా. డాక్టర్ చెప్పినంక ఏం జేస్తం."

ఆ మాట కట్టయ్యకు వినబడింది. మతి మంచిగైతే తాళం తీస్తారు. కాకపోతే ఉంటుంది. అంతకంటే విడమరచి చెప్పాల్సింది లేదు. మధ్యాహ్నం ఇంట్లో అందరూ పడుకున్నాక గేటు దగ్గరికి వెళ్లి తాళాన్ని అరచేతిలో తీసుకున్నాడు. పావు కిలో ఉంటుందనుకున్నాడు. ఆ వెంటనే ఫిబ్రవరి నాటి బస్తా గుర్తొచ్చింది. తన అంచనాకు ఇక విలువేమిటని చెయ్యి వదిలేశాడు. కోపం రావాలి. అడిగి, అరిచి, తాళం తీయించాలి. ఏదీ రాలేదు. వెనక్కి వచ్చి మంచం మీద పడుకున్నాడు.

మొగిలమ్మకు భయం వేసింది అప్పుడే. ఒకసారి కూరలో వెంట్రుక వచ్చిందని పళ్లెం విసిరికొట్టిన మగడు, ఇంటికి తాళం వేసినా నోరెత్తలేదు. "తిట్టరాదయ్యా ఒక్కమాట" అని మంచం పక్కన కూర్చుని అడిగింది. ఆయన గోడ వైపు తిరిగాడు.

పదిహేను రోజులకు మళ్లీ దవాఖాన. ఈసారి మొగిలమ్మ ఎవరి మాటా వినకుండా ఆటో ఎక్కింది. మొగుడికి ఇస్త్రీ చొక్కా తొడిగించింది. కాలర్‌లో మెడ అటూఇటూ ఊగుతోంది.

డాక్టర్ అరుణ స్కానింగ్ ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసింది. "వయసుకు తగ్గ మార్పులే. కొద్దిగా ఎక్కువ. పరీక్షలో వచ్చినంత ఘోరంగా ఇందులో ఏం లేదు మరి." పాత కాయితం తిప్పింది. "కానీ లెక్కలే పూర్తిగా పోయినట్టున్నాయి. ఒకటి అనే అంకె రావడం లేదు. రెండుసార్లు అడిగితే రెండుసార్లూ లాభం, లాభం అన్నడని రాసింది మా అమ్మాయి."

మొగిలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని డాక్టర్ గ్లాసుతో నీళ్లు జరిపింది. ఆమె ఏడవడం లేదు.

"మేడం, ఈయనతోని ఒకటి అనిపిచ్చుడు నీతోని గాదు, నాతోని గాదు. మా పెండ్లయి నలభై ఐదేండ్లు. నేను ఒక్కసారి గూడ ఇనలే. దడువాయి ఈయన. మొదటి బస్తా దిగితె లాభం అనాలె, అదీ కాయిదా. మొదటి మనవరాలు పుట్టిననాడు దవాఖానల నర్సు ఎంతమంది పిల్లలని అడిగితే గూడ లాభం అన్నడు."

డాక్టర్ మహిపాల్ వైపు చూసింది. మహిపాల్ మెడ వంచుకుని ఉన్నాడు. "నిజమే మేడం. పాతోళ్లు అట్లనే అంటరు. పరీక్షల గట్ల అన్నడని నాకెవ్వరు చెప్పలే. చెప్పినా..." ఆగాడు. "నేను అంకె చూసి రాసుకునేటోన్ని. నాకు గుర్తుకొచ్చేదో లేదో."

లావణ్యను పిలిచారు. విషయం వినేసరికి ఆ పిల్ల ముఖం వాడిపోయింది. "మా ఇంట్ల తూకం పనోళ్లు ఎవ్వరు లేరు మేడం. నాకు నిజంగ తెల్వది."

"ఆ బిడ్డ తప్పేం లేదు," అన్నాడు కట్టయ్య.

అందరూ ఆయన వైపు తిరిగారు. వాళ్లు వచ్చి అరగంటైంది. ఆయన మాట్లాడడం ఇదే మొదలు.

డాక్టర్ కుర్చీని ఆయన ముందుకు జరుపుకుంది. బయట జనం ఉన్నారని లావణ్య గుర్తుచేయబోతే చేత్తో ఆపింది.

"పెద్దాయనా, ఇది ఏ సంవత్సరం?"

"రెండువేల ఇరవై అయిదు."

"మొన్న తెల్వదన్నవు."

"తెల్సు. చెప్పబుద్ధి గాలే."

"స్టేషన్‌కు ఎందుకు పోయినవ్?"

కట్టయ్య తన చేతుల వంక చూసుకున్నాడు. ఆ చేతులు ఎవరో తెచ్చి ఒళ్లో పెట్టి పోయినట్టున్నాయి.

"మార్కెట్‌కు పోబుద్ధి గాలే. ఇంటికి రాబుద్ధి గాలే. నడ్సుకుంట పోయిన. ఆడ బెంచీ ఉన్నది, కూసున్న."

"ఇంటి తొవ్వ మరిచిపోయినవా?"

"తొవ్వ ఎట్ల మరుస్త మేడం."

డాక్టర్ నిద్ర గురించి అడిగింది, తిండి గురించి అడిగింది. ఎప్పటి నుంచని అడిగింది. ఆయన ఒక్కో మాట చొప్పున చెప్పాడు. ఫిబ్రవరి అన్నాడు గాని బస్తా సంగతి చెప్పలేదు. దాన్ని మహిపాల్ చెప్పాడు, తలుపు వైపు చూస్తూ.

"చచ్చిపోవాలని ఎప్పుడన్నా అనిపించిందా?"

"అట్ల గాదు." కట్టయ్య చాలాసేపు ఆలోచించాడు. "పండుకున్నోన్ని పొద్దుగాల లేవకుంటే అయిపోవు గదా అనిపిస్తది."

మొగిలమ్మ ముఖంలో నవ్వు జాడ కూడా మిగల్లేదు. ఆమె చెయ్యి వెళ్లి మొగుడి చొక్కా అంచు పట్టుకుంది. అందరి ముందు ఆమె అలా ఎన్నడూ పట్టుకోలేదు.

డాక్టర్ అరుణ నెమ్మదిగా చెప్పింది. "ఇది రంది. మనసుకు పట్టే జబ్బు. వయసు మళ్లినోళ్లకు ఇది ఏడుపు లెక్క రాదు, మరుపు లెక్క వస్తది. మాట రాదు, తిండి లోపలికి పోదు, అడిగితే తెల్వదంటరు. చూసేటోళ్లకు మతి పోయిందనిపిస్తది. మేము గూడ అట్లనే అనుకున్నం. దీనికి మందులున్నయ్. అయితే పని మొదలుపెట్టడానికి నెల, నెలన్నర పడ్తది. మధ్యల ఆపొద్దు."

"అంటే మరుపు జబ్బు లేదన్నట్టేనా?" మహిపాల్ గొంతులో ఆశ ఎక్కువైంది.

"లేదని నేను చెప్తలేను. మూడు మాటల్లో ఒక్కటే గుర్తున్నది. గడియారం గీయలేదు. అందులో రంది ఎంత, మరుపు ఎంత అన్నది ఇప్పుడే తేలదు. మూడు నెలలకు మళ్లీ చూద్దాం. లేవకుంటే మంచిగుండు అన్న మాట మాత్రం మీరంతా మనసుల పెట్టుకోండి. ఒంటరిగా వదలొద్దు. అట్లాంటి మాట మళ్లీ అంటే ఆ రోజే నాకు ఫోన్ చేయండి."

"మరి తాళం?" అడిగింది మొగిలమ్మ.

"ఏం తాళం?"

మహిపాల్ చెప్పాడు. డాక్టర్ పాత కాయితం వైపు చూసింది. పంపొద్దన్నది తనే కదా. "తాళం వద్దు. ఎంబడి ఒక మనిషి నడవండి, సరిపోతది."

తాళం ఆ సాయంత్రమే దిగింది. దాంతో ఏదో మారిపోతుందని ఇంట్లో అందరూ ఎదురుచూశారు గాని ఏమీ మారలేదు. పొద్దున ఒక గోలీ, మధ్యాహ్నం పడక. గేటు బార్లా తెరిచి ఉన్నా కట్టయ్య అటు పోలేదు. మొగిలమ్మే చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పెట్టేది.

"నడువ్."

"ఎటు?"

"ఎటో ఒకటు. డాక్టరమ్మ నడువుమన్నది. నాకేమన్న మోజా నీతోని షికారు?"

సందు చివరిదాకా వెళ్లి వచ్చేవారు. పెళ్లాం వెంట తిరుగుతున్నాడని ఎవరైనా అంటారని ఆయన మొహమాటపడితే ఆమె పది అడుగులు వెనకబడి నడిచేది. జూన్ అలా గడిచింది. జూలైలో వానలకు సందంతా బురదైతే ఇంట్లోనే అటూ ఇటూ నడిచారు. మొగిలమ్మకు మోకాళ్లు వాచాయి. గోలీలు ఉట్టి దండగ అని ఆమెకు లోలోపల ఉంది, పైకి అనలేదు.

జూలై చివర ఒక పొద్దున, బెండకాయ కూరతో రెండు ముద్దలు తిన్నాక కట్టయ్య పళ్లెం వైపు చూసి అన్నాడు.

"ఉప్పు తక్కువైంది."

మొగిలమ్మ పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూసింది. "ఏమన్నవ్?"

"ఉప్పు. తక్కువైంది."

"అయితదయ్యా, అయితది. ఆర్నెల్ల నుంచి ఉప్పేసినా ఎయ్యకున్నా మింగినవ్, ఇయ్యాల నోరు లేసిందా నీకు?" అంటూనే ఉప్పు డబ్బా తెచ్చి పళ్లెం పక్కన పెట్టి, వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

సెప్టెంబర్‌లో మళ్లీ పరీక్ష. అదే గది, అదే బల్ల. లావణ్య కాయితం ముందు పెట్టుకుని కొంచెం సిగ్గుపడుతూ అడిగింది. "తాతా, లాభం నుంచి ఇరవై దాకా లెక్కపెట్టు."

కట్టయ్య ఆ పిల్లను చూసి చిన్నగా నవ్వాడు. ఇరవై వరకు ఎక్కడా ఆగకుండా పలికాడు. సంవత్సరం చెప్పాడు, నెల చెప్పాడు, తేదీ ఒక రోజు తప్పాడు. ఈసారి మూడు మాటల్లో రెండు గుర్తున్నాయి. గడియారం గీశాడు. అంకెలన్నీ వాటి చోట్లలో వేశాడు. పదకొండు గంటల పది నిమిషాలకు ముళ్లు పెట్టమంటే పెన్ను గాలిలో ఆగిపోయింది. చిన్న ముల్లు ఎటు, పెద్ద ముల్లు ఎటు. పెట్టాడు. అది తప్పని చూడగానే తెలిసింది. ఎలా సరిచేయాలో తెలియలేదు.

"ఇది వస్తలేదు బిడ్డా."

"పర్వాలేదు తాతా."

ఇరవై ఒకటి వచ్చాయి. డాక్టర్ ఏమీ దాచలేదు. రంది చాలా వరకు తగ్గిందనీ, మరుపు కొంత నిజంగానే ఉందనీ, అది మెల్లగా పెరగొచ్చనీ, ఎంత మెల్లగా అన్నది ఎవరూ చెప్పలేరనీ, ఆరు నెలలకోసారి రావాలనీ చెప్పింది. మహిపాల్ కళ్లు తుడుచుకున్నాడు. కట్టయ్య మాత్రం కాంటా మీద అంకె విన్నట్టే విన్నాడు. ముప్పైకి ఇరవై ఒకటి. ఉన్నంత ఉంది. తూకం అయ్యాక దాని మీద వాదన పెట్టుకోవడం ఆయన ఏనాడూ చేయలేదు.

ఆ తర్వాతి సోమవారం సందు చివర ఎప్పుడూ వెనక్కి తిరిగేచోట తిరగకుండా ముందుకు నడిచాడు. మొగిలమ్మ వెనకాలే నడిచింది. మార్కెట్ వెనక గేటు దాటి చాయ్ బండి దగ్గర ఆమె ఆగిపోయింది. ఆయన యార్డులోకి వెళ్లాడు.

మిర్చి రోజులు కావవి. కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిన సరుకు మాత్రం కొంత ఉంది. ఘాటుకు గొంతు గరగరలాడింది. మధు చూసి భుజం మీది కొక్కెం దించాడు.

"కాకా, చానా రోజులకు. పాణం మంచిగున్నదా?"

"ఉన్నది."

బస్తా సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తరని కట్టయ్యకు తెలుసు. కాంటా దగ్గర నుంచి మహిపాల్ పని చేస్తున్నట్టే ఉండి ఇటు చూస్తున్నాడు. కట్టయ్య తనంత తానే దొంతి దగ్గరికి వెళ్లాడు. చివరి బస్తాను పైనుంచి కిందికి చూసి, కుట్టు దగ్గర రెండు వేళ్లతో పట్టి ఊపాడు. లోపల ఒక అంకె మెదిలింది. ముప్పై ఏడు.

"ఎంత కాకా?" అన్నాడు మధు, ఉండబట్టలేక.

"కాంటా ఉన్నది గదరా. ఎక్కియ్."

ఎక్కించారు. ఎర్ర అంకెలు ఊగి ఊగి ముప్పై ఎనిమిది ఆరువందల దగ్గర నిలిచాయి. కిలో ఆరువందల తేడా. ఒకప్పుడైతే ఆ తేడాకు మూడు రోజులు ముద్ద దిగేది కాదు. ఫిబ్రవరిలో ఆరు కిలోల పైన తప్పాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు.

బస్తాలు ఒక్కొక్కటే కాంటా దిగుతుంటే పెదవులు కదిలాయి. లాభం, రెండు, మూడు. పదిహేడు దాకా వెంట వెళ్లాడు. అక్కడ ఎవరో పలకరించారు. తల తిప్పి చూసేసరికి పదిహేడో పద్దెనిమిదో తేల్చుకోలేకపోయాడు. కాసేపు నిలబడి వెతికాడు. దొరకలేదు. కాళ్లు లాగుతున్నాయి. చాయ్ బండి దగ్గరికి తిరిగి వచ్చాడు.

"పోదామా?" అంది మొగిలమ్మ.

"పోదాం."

ఈసారి ఆమె పది అడుగులు వెనకబడలేదు. మోకాళ్లు నొస్తున్నాయని ఆయన చెయ్యి పట్టుకుంది. ఎవరైనా చూస్తారేమోనని ఆయన అటూ ఇటూ చూడలేదు. సందు మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఎడమా, కుడా? ఆమె ఎదురుచూసింది. ఎడమకు తిరిగాడు. ఇల్లు అటే.

గేటు తెరిచే ఉంది. ముందుగదిలో శోభారాణి జాకెట్ గుడ్డ కత్తిరిస్తోంది. ఫ్యాను గాలికి కొలతల కాయితాలు ఎగరకుండా వాటి మీద ఇత్తడి తాళం పెట్టింది. కట్టయ్య తాళాన్ని ఎత్తి అరచేతిలో ఒకసారి ఊపి, మళ్లీ కాయితాల మీదే పెట్టాడు.

"ఏం మామా?" అంది కోడలు.

"ఏం లేదు బిడ్డా. బువ్వ పెట్టు. ఆకలైతాంది."